ఫోనులో మన వంతు ఎప్పుడు?

(మా గ్రామీణ విలేఖరి)

పట్నంలోని ఆసుపత్రికో, విత్తనాల దుకాణానికో, మోటారు మరమ్మతుల షాపుకో ఫోను చేసి, చెవికి ఆనించుకుని పావుగంట నిలబడిన అనుభవం లేనివారు ఈ రోజుల్లో పల్లెల్లో అరుదు. ముందు పాట వినిపిస్తుంది. తరువాత "మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి" అని ఒక గొంతు పలుకుతుంది. మళ్ళీ పాట. చివరకు లైను తెగిపోతుంది. అంత విలువైన కాల్ ఎక్కడికి పోయినట్టో అడిగినవాడికి తెలియదు, చెప్పేవాడు ఉండడు.

ఈ విలేఖరి మేనత్తకు కిందటి ఎండాకాలంలో పట్నంలోని ఒక ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. రిపోర్టు తయారైందేమో కనుక్కుందామని ఫోను చేస్తే, ఎత్తిన అమ్మాయి "ల్యాబుకు కలుపుతున్నాను, ఉండండి సార్" అన్నది. ల్యాబులో ఎవరూ ఎత్తలేదు. లైను తెగింది. రెండోసారి చేస్తే మరొకరు ఎత్తి, సంగతంతా మొదటినుంచి అడిగి, బిల్లుల కౌంటరుకు కలిపారు. కౌంటరు వారు తిరిగి ల్యాబుకే కలిపారు. ఇలా నాలుగుసార్లు. మర్నాడు మొదటి బస్సుకు వెళ్ళి అడిగితే, రిపోర్టు ముందురోజు మధ్యాహ్నానికే సిద్ధమైందన్నారు. అందులో షుగరు బాగా పెరిగి ఉన్నది. మందు ఒక రోజు ఆలస్యంగా మొదలైంది. బస్సు ఛార్జీలు, పోయిన కూలి సంగతి సరే, ఆ రాత్రి మా మేనత్త పడిన బాధకు లెక్క ఎవరు చెబుతారు?

ఆఫీసులకు ఫోను ఎక్స్ఛేంజీలు బిగించే పట్నం మెకానిక్ ఒకరిని ఈ సంగతి అడిగితే ఆయన నవ్వి, తప్పు ఆ అమ్మాయిది కాదన్నారు. ఎక్స్ఛేంజికి నేర్పిన పద్ధతిదే తప్పన్నారు. ఆ పద్ధతిని మార్చుకోవడానికి ఇప్పుడు కొత్త పెట్టె కొనవలసిన పని లేదని, అందులోని సాఫ్ట్‌వేర్‌ను కొత్తది చేసుకుంటే చాలని కూడా చెప్పారు. ఆయన చెప్పగా విన్నవి, తరువాత చదివి తెలుసుకున్నవి కలిపి ఈ నాలుగు ముక్కలు రాయడమైనది. ఫోను ఎత్తేవారికే కాక, చేసేవారికీ ఇవి తెలిసి ఉండాలి.

ఒక నంబరు, పది కుర్చీలు

ఒక ఆసుపత్రికి బయటి ప్రపంచానికి తెలిసిన నంబరు ఒకటే ఉంటుంది. లోపల మాత్రం పది కుర్చీలలో పది ఫోనులుంటాయి. బయటినుంచి వచ్చిన ఫోనును లోపల ఏ కుర్చీకి పంపాలో చూసేదే ఆఫీసు ఎక్స్ఛేంజి. పూర్వం దీని ముందు ఒక ఆపరేటరు కూర్చుని, తీగ తీసి ఈ రంధ్రంలోనుంచి ఆ రంధ్రంలో గుచ్చి మాట కలిపేవారు. తరువాత గోడకు తగిలించే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. ఇప్పుడు చాలాచోట్ల ఆ పెట్టె కూడా పోయి, మామూలు కంప్యూటరులో నడిచే సాఫ్ట్‌వేరే ఎక్స్ఛేంజి అయిపోయింది.

ఈ తేడా చిన్నది కాదు. పెట్టెలో ఏ సౌకర్యం బిగించి పంపితే ఆ సౌకర్యమే ఉండేది. సాఫ్ట్‌వేర్ అలా కాదు. మన ఫోనుల్లో అప్‌డేట్ వచ్చినట్టే దానికీ కొత్త తరం వస్తుంది. వచ్చినప్పుడల్లా ఫోనులను ఎలా వరుసలో పెట్టాలి, ఎవరికి ముందు మోగించాలి, ఎత్తేవారు లేకపోతే ఏం చేయాలి అన్న విషయాల్లో కొత్త వెసులుబాట్లు వస్తుంటాయి. వాటిని వాడుకోవడం, మానుకోవడం యజమాని చేతిలో ఉంటుంది.

అంత్యక్రియల వ్యాపారి పట్టుదల

ఫోను ఎవరికి కలపాలి అన్న తగాదా ఈనాటిది కాదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే వ్యక్తి అంత్యక్రియల సామగ్రి, ఏర్పాట్ల వ్యాపారం చేసేవాడు. తనకు రావలసిన ఫోనులు ఆపరేటరు చేతిలో దారి తప్పి పోటీ వ్యాపారికి చేరుతున్నాయని ఆయనకు గట్టి అనుమానం. ఆ ఆపరేటరు పోటీదారు భార్యేనని కూడా ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథలో నిజమెంతైనా, ఆయన చేసిన పని మాత్రం చరిత్రలో నిలిచింది. మధ్యలో మనిషి అక్కర లేకుండా ఫోనులు తమంతట తామే కలిసే యంత్రాన్ని ఆలోచించి 1891 మార్చి 10న పేటెంటు పొందాడు. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రంలోని లాపోర్టు అనే ఊళ్ళో అటువంటి మొదటి ఎక్స్ఛేంజి పనిచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో కూడా బెంగుళూరులోని ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ స్థాపన 1948లో జరిగాక, స్ట్రౌజర్ పద్ధతి పరికరాలే అక్కడ చాలాకాలం తయారయ్యాయి.

ఒక చావు ఇంటివారు ఎవరిని పిలవాలనుకున్నారో వారికే ఫోను చేరాలన్నది స్ట్రౌజర్ పట్టుదల. మనిషి చేసే పక్షపాతం యంత్రం చేయదని ఆయన నమ్మకం. కాని యంత్రానికి పద్ధతి నేర్పేది కూడా మనిషే కదా! అసలు చిక్కు అక్కడే ఉన్నది.

ట్రంకు కాల్ రోజుల సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. దూరపు ఊరికి మాట్లాడాలంటే పోస్టాఫీసులో కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులుండేవి. ఎక్కువ డబ్బు కట్టినవారి కాల్ ముందు కలిసేది. అంటే అప్పుడు కూడా వరుస ఉన్నది, ఆ వరుసను దాటే దారీ ఉన్నది. కాకపోతే రేటు ఇంత అని అందరికీ తెలుసు. ఇప్పటి వరుస కంటికి కనబడదు.

ఎంతమంది కూర్చోవాలి?

"మా దగ్గర ఒకమ్మాయి ఉన్నది, ఫోనులు ఎత్తుతుంది, ఇంకేం కావాలి?" అని అడిగే యజమానులు చాలామంది. దీనికి జవాబు డెన్మార్కు దేశపు అగ్నర్ ఎర్లాంగ్ ఎప్పుడో లెక్కగట్టి పెట్టాడు. కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఆయన 1909లో ఫోనుల రాకపోకల మీద తన మొదటి పరిశోధన ప్రచురించాడు. ఫోనుల బరువును కొలిచే కొలతకు ఇప్పటికీ ఆయన పేరే.

ఆ లెక్కను మన భాషలో చూద్దాం. ఒక ట్రాక్టరు మరమ్మతుల షాపుకు గంటకు 20 ఫోనులు వస్తాయనుకోండి. ఒక్కొక్క ఫోనుకు సగటున 3 నిముషాలు పడుతుంది. మొత్తం 60 నిముషాలు. కాబట్టి ఒక మనిషికి సరిగ్గా సరిపోతుందని తోస్తుంది. కాని ఫోనులు మూడేసి నిముషాలకొకటి చొప్పున బుద్ధిగా రావు. తెల్లవారగానే ఐదు ఒక్కసారి వస్తాయి, మిట్టమధ్యాహ్నం ఒక్కటీ రాదు. ఖాళీగా పోయిన నిముషం తిరిగి రాదు కనుక, ఒక్కరే ఉంటే వరుస పెరుగుతూనే పోతుంది తప్ప తరగదు.

ఇద్దరు ఉంటే, ఎర్లాంగ్ లెక్క ప్రకారం ఫోను చేసిన ముగ్గురిలో ఒకరు మాత్రమే ఆగవలసి వస్తుంది. అందరినీ కలిపి సగటు నిరీక్షణ ఒక నిముషం. ముగ్గురు ఉంటే పదకొండు మందిలో ఒకరే ఆగుతారు. సగటు నిరీక్షణ 8 సెకన్లకు పడిపోతుంది. ఒకరి నుంచి ముగ్గురికి పెంచితే అంత తేడా! అందుచేత ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా మనుషులు చాలకపోతే ప్రయోజనం లేదని ముందుగా గుర్తించాలి. ఉన్న మనుషులను సరిగా వాడుకోవడానికే సాఫ్ట్‌వేర్ పనికివస్తుంది.

పేద కుర్రవాడి ఎక్స్ఛేంజి

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లో పేరెన్నికగన్నది ఆస్టరిస్క్. ఫోను మీద నక్షత్రం గుర్తు ఉంటుందే, దాని పేరే ఇది. 1999లో అమెరికాలోని అలబామాలో మార్క్ స్పెన్సర్ అనే కాలేజీ కుర్రవాడు చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. వచ్చే ఫోనులకు జవాబు చెప్పడానికి ఎక్స్ఛేంజి కావాలి. కొనడానికి డబ్బు చాలలేదు. తానే ఒకటి రాసుకున్నాడు. రాసుకున్నదాన్ని దాచుకోకుండా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని, మార్చుకోవచ్చునని లోకానికి వదిలేశాడు. దాంతో దేశదేశాల వారు తలా ఒక చెయ్యి వేసి దాన్ని పెంచారు. చిన్న పట్నాల్లోని ఆఫీసులు సైతం తక్కువ ఖర్చుతో మంచి ఎక్స్ఛేంజి పెట్టుకునే వీలు ఇలా కలిగింది. ఫోను లైను మాత్రం లైసెన్సు ఉన్న కంపెనీ దగ్గరే తీసుకోవాలి.

ఈ సాఫ్ట్‌వేర్ ఒక తరం నుంచి మరొక తరానికి మారినప్పుడు వచ్చిన కొన్ని మార్పులు చూస్తే, ఒక చిన్న పద్ధతి ఎంతమంది సమయాన్ని మింగుతుందో అర్థమవుతుంది.

ముందు నిలబడిన వాడి వెనుక

పాత పద్ధతి ఒకటి ఉండేది. రేషను షాపులో ముగ్గురు గుమాస్తాలు కూర్చున్నారనుకోండి. వరుసలో మొదటివాడు ఒక గుమాస్తా దగ్గరకు వెళుతున్నాడు. ఆ గుమాస్తా ఇంకా తల ఎత్తలేదు. మిగతా ఇద్దరు గుమాస్తాలు ఖాళీగానే ఉన్నారు. అయినా మొదటివాడి సంగతి తేలేదాకా రెండోవాడు కదలకూడదు! ఆస్టరిస్క్ వరుస మొదట్లో ఇలాగే నడిచేది. మొదటి ఫోను ఒక మనిషికి కలిసేదాకా వెనుకనున్న వారంతా, ఎత్తేవారు ఖాళీగా ఉన్నా సరే, పాట వింటూ ఉండవలసిందే.

2006 చివర వచ్చిన 1.4 నాటికి దీనికి విరుగుడు ఏర్పడింది. ఎంతమంది ఖాళీగా ఉంటే అంతమందికి ఒకేసారి ఫోనులు కలిపే పద్ధతి అందులో ఉన్నది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వాక్యం మారిస్తే చాలు. కొత్త కుర్చీ వేయలేదు, కొత్త మనిషిని పెట్టలేదు. అయినా వరుస కదిలింది.

ఎవరికి మోగాలి అన్నదానిలోనూ పద్ధతులున్నాయి. అందరికీ ఒకేసారి మోగించవచ్చు. ఎక్కువసేపటినుంచి ఖాళీగా ఉన్నవారికి మోగించవచ్చు. తక్కువ ఫోనులు ఎత్తినవారికి మోగించవచ్చు. వంతులవారీగా మోగించవచ్చు. పైనుంచి కిందకు జాబితా ప్రకారం మోగించే పద్ధతి పెట్టుకుంటే మాత్రం, జాబితాలో మొదట ఉన్న అమ్మాయి రోజంతా మాట్లాడి మాట్లాడి గొంతు ఎండిపోతుంది, చివర ఉన్నవారు కాఫీ తాగుతుంటారు. అలసిపోయిన గొంతు మనతో విసుగ్గా మాట్లాడితే, ఆ విసుగుకు కారణం పద్ధతిలో ఉన్నదని మనకు తెలియదు.

2008 నుంచి వచ్చిన 1.6 తరంలో మరొక మెరుగు కనిపిస్తుంది. నిరీక్షణ పెరిగేకొద్దీ వల విశాలం చేయవచ్చు. ఉదాహరణకు, మొదటి నిముషం ల్యాబు వారికే మోగుతుంది. అప్పటికీ ఎత్తకపోతే పక్క గదివారికి కూడా మోగడం మొదలవుతుంది. మా మేనత్త రిపోర్టు విషయంలో ఆ ఆసుపత్రిలో ఈ ఒక్క ఏర్పాటు ఉన్నా బస్సు ఎక్కే పని తప్పేది.

ఇక లైను ఖాళీ లేనప్పుడు, ఖాళీ అవగానే ఎక్స్ఛేంజి తానే తిరిగి మోగించి కలిపే సౌకర్యం 2010 అక్టోబరులో వచ్చిన 1.8లో చేరింది. ఇది ముఖ్యంగా ఆఫీసు లోపలి ఫోనుల మధ్య పనికివస్తుంది. బయటినుంచి చేసినవారి కోసం "మీ నంబరు నోట్ చేసుకున్నాం, మీ వంతు రాగానే మేమే చేస్తాం" అనే ఏర్పాటును కూడా ఆఫీసులు విడిగా చేసుకోవచ్చు. చార్జింగు అయిపోవచ్చిన ఫోనుతో చేలో నిలబడ్డ రైతుకు ఇంతకంటె ఉపకారం లేదు.

కలపడంలో రెండు రకాలు

ఫోను ఒకరి దగ్గరనుంచి మరొకరికి పంపడంలో రెండు రకాలున్నాయి. మొదటిది గుడ్డిగా పంపడం. ఎత్తిన అమ్మాయి బటను నొక్కి చేతులు దులుపుకుంటుంది. అవతల మనిషి ఉన్నాడో లేడో ఆమెకు తెలియదు. లేకపోతే మన లైను తెగుతుంది. రెండవది చెప్పి పంపడం. ఆమె మనల్ని ఒక నిముషం ఆపి, ముందు తానే ల్యాబుకు ఫోను చేసి, "ఫలానా ఊరివారు రిపోర్టు కోసం అడుగుతున్నారు" అని చెప్పి, వారు సరేనన్న తరువాతే కలుపుతుంది. అవతల ఎవరూ లేకపోతే తిరిగి వచ్చి మనకు చెబుతుంది. రెండు పద్ధతులూ ఎక్స్ఛేంజిలో ఉంటాయి. ఏది వాడాలన్నది నేర్పడంలో ఉన్నది. ఒక బటను తేడాతో ఒక రోజు ప్రయాణం తప్పుతుంది.

పార్కింగు అని ఇంకొకటి ఉన్నది. బస్టాండులో సైకిలు పెట్టి టోకెను తీసుకున్నట్టే ఇది కూడా. డాక్టరుగారు ఏ గదిలో ఉన్నారో తెలియనప్పుడు, ఎత్తినవారు మన కాల్‌ను ఒక చోట నిలిపితే ఎక్స్ఛేంజి ఒక నంబరు చెబుతుంది. ఆస్టరిస్క్‌లో సాధారణంగా 700 నొక్కితే 701 లాంటి టోకెను వస్తుంది. డాక్టరుగారు తానున్న గదిలోని ఫోనునుంచే 701 నొక్కి మనతో మాట్లాడవచ్చు. కొంతసేపటిదాకా, మామూలుగా 45 సెకన్లు, ఎవరూ తీసుకోకపోతే ఆ కాల్ నిలిపినవారికే తిరిగి మోగుతుంది. కాబట్టి మనం గాలిలో కలిసిపోము.

రైతుల ఫోను కేంద్రం

ఇవన్నీ పట్నం కంపెనీల గొడవ అనుకోనక్కర లేదు. రైతుల కోసం కేంద్ర ప్రభుత్వం 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభించింది. 1800-180-1551 నంబరుకు ఉదయం 6 గంటలనుంచి రాత్రి 10 గంటలవరకు ఫోను చేయవచ్చు. చేసినవారికి ఖర్చు లేదు. జవాబు చెప్పేవారు వ్యవసాయం, దాని అనుబంధ శాస్త్రాలు చదివిన పట్టభద్రులు. మన భాషలోనే మాట్లాడతారు.

2012లో ఈ కేంద్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఎక్స్ఛేంజీలను కూడా కొత్త పద్ధతికి మార్చారు. మనం పైన చెప్పుకున్న విషయాలు అక్కడ రైతుకు ఎలా పనికివస్తాయో చూడండి. ఎత్తినవారికి తెలియని ప్రశ్న అయితే, వారు మనల్ని వదిలేయకుండా పై నిపుణుణ్ణి కూడా అదే లైనులోకి పిలిచి ముగ్గురూ మాట్లాడుకునే ఏర్పాటు ఉన్నది. మిరపకు ముడత వచ్చిందని చెప్పిన సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పే పని లేదు. వేచి ఉన్న సమయంలో పాటకు బదులు మన రాష్ట్రానికి సంబంధించిన సలహాలు వినిపించే సౌకర్యం కల్పించారు. మాట్లాడినదంతా రికార్డు అవుతుంది. పై అధికారి మధ్యలో లైనులోకి వచ్చి జవాబు ఎలా చెబుతున్నారో వినవచ్చు. మాట ముగిశాక చెప్పిన సలహా సారాంశాన్ని ఎస్సెమ్మెస్‌గా రైతు ఫోనుకు పంపే ఏర్పాటు కూడా ఉన్నది. మందు పేరు, మోతాదు చెవిన విన్నది దుకాణం చేరేసరికి మరిచిపోతాం. అదే రాతలో ఉంటే దుకాణదారుకు చూపవచ్చు, వేరే మందు అంటగట్టకుండా జాగ్రత్త పడవచ్చు.

ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. పాట వినిపించే చోటనే సలహా వినిపించవచ్చు. రెండింటికీ యంత్రం ఒకటే. దేన్ని పెట్టాలో నిర్ణయించిన మనిషి ఎవరి గురించి ఆలోచించాడన్నదే తేడా.

నొక్కండి, నొక్కండి

కొత్త సౌకర్యాలన్నీ మేలే చేస్తాయని చెప్పలేము. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే ఏర్పాటు ఆఫీసులకు వరమైతే, మన ముసలివాళ్ళకు శాపంలా తయారైంది. ముందు ఇంగ్లీషు, తరువాత హిందీ, మూడోది తెలుగు. తెలుగు వచ్చేసరికి అమ్మమ్మ ఫోను కింద పెట్టేస్తుంది. తొమ్మిది అంకెలు చదివి, చివరన మనిషితో మాట్లాడే దారి చెప్పేవారున్నారు, అసలే చెప్పనివారూ ఉన్నారు. ఏ అంకె ముందు చదవాలో, ఏ భాష ముందు పలకాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయించదు. యజమాని చెప్పినట్టే అది పలుకుతుంది. మన జిల్లాలో వ్యాపారం చేసేవారు తెలుగును మొదట పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

మరొక హెచ్చరిక. ఇలాంటి ఎక్స్ఛేంజిని మోసగాళ్ళు కూడా పెట్టుకోగలరు. చక్కని పాట, తీయని గొంతు వినిపించినంత మాత్రాన అవతల ఉన్నది బ్యాంకే అని నమ్మరాదు. నంబరును పాసుపుస్తకం మీదనో, బిల్లు మీదనో చూసి చేయాలి. ఇంటర్నెట్‌లో ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకుని చేయరాదు. ఓటీపీ గాని, పిన్ గాని ఎవరు అడిగినా చెప్పరాదు.

తెగిన కాల్‌కు లెక్క ఉన్నది

ఈ మొత్తం వ్యవహారంలో పల్లెవాసులు ముఖ్యంగా తెలుసుకోవలసింది చివరకు మిగిలింది. "మీరు ఫోను చేసినట్టు మాకు తెలియదండీ" అనే జవాబు మనం తరచుగా వింటుంటాం. ఇది పూర్తిగా నిజం కాదు. ఆస్టరిస్క్ వంటి సాఫ్ట్‌వేర్ వరుసలో వచ్చిన ప్రతి కాల్‌ను ఒక చిట్టాలో రాసుకుంటుంది. విసిగి పెట్టేసినవారిని కూడా రాస్తుంది. వారు వరుసలోకి వచ్చినప్పుడు ఎన్నోవారు, పెట్టేసే సమయానికి ఎన్నోవారు, మొత్తం ఎన్ని సెకన్లు ఆగారు, మూడూ అందులో పడతాయి. ఐదవవాడిగా చేరి, రెండవవాడిగా వచ్చి, ఓపిక నశించి పెట్టేసిన మనిషి సంగతి ఆ చిట్టాలో ఉంటుంది. ఎవరూ తెరిచి చూడకపోవడమే లోపం.

రోజూ సాయంత్రం షాపు కట్టేముందు గల్లాపెట్టె లెక్క చూసుకోని వ్యాపారి ఉండడు. అదే సమయంలో ఈ చిట్టా కూడా తెరిచి, తెగిపోయిన కాల్స్‌కు తిరిగి ఫోను చేసే అలవాటు పెట్టుకుంటే వారి వ్యాపారమూ పెరుగుతుంది, మన ప్రయాణాలూ తగ్గుతాయి. ఆసుపత్రుల విషయంలో అయితే ఇది వ్యాపారం మాట కాదు, ప్రాణం మాట.

కనుక పట్నంలో మనం డబ్బు ఇచ్చే ప్రతిచోటా కొన్ని మాటలు అడగడంలో తప్పు లేదు. ఫోను చేస్తే వరుసలో ఎన్నోవారమో చెబుతారా? తెలుగు మొదట వస్తుందా? మనిషితో మాట్లాడటానికి ఒక అంకె ఉన్నదా? కలిపేముందు అవతల మనిషి ఉన్నాడో లేడో చూసి కలుపుతారా? తెగిన కాల్‌కు తిరిగి చేస్తారా? ఈ ఐదింటికీ కావలసిన సౌకర్యం ఇప్పటి ఎక్స్ఛేంజీలలో ఉన్నది. లేదన్నవారు వాడుకోవడం లేదన్నమాట.

మేనత్త రిపోర్టు గురించి ఆ ఆసుపత్రి వారికి ఈ విలేఖరి ఒక కాగితం రాసి ఇచ్చి వచ్చాడు. ఎవరు చదివారో, చదవలేదో తెలియదు. మొన్న సంక్రాంతి తరువాత మళ్ళీ పరీక్షకు వెళ్ళి, మర్నాడు ఫోను చేస్తే "మీరు వరుసలో మూడవవారు" అని వినిపించింది. కొంతసేపటికి ఒకమ్మాయి ఎత్తి, సంగతి విని, "ఉండండి సార్, ల్యాబులో అడిగి వస్తాను" అన్నది. నిజంగానే తిరిగి వచ్చింది. "రిపోర్టు వచ్చింది, షుగరు తగ్గింది, అవే మందులు వాడమన్నారు డాక్టరుగారు, అమ్మగారిని రానక్కర లేదని చెప్పండి" అన్నది. తెలుగు మాత్రం ఇంకా మూడోదిగానే వస్తున్నది. అది కూడా మారిస్తే ఈసారి మేనత్తే స్వయంగా ఫోను చేసుకుంటుంది.